కూత మానేసిన డబ్బా

ఆఫీసులో ఆమెను అందరూ ప్లగ్గమ్మ అంటారు. ఎదురుగా అనరు, ఎదురుగా అక్కా అనే పిలుస్తారు. కానీ వెనకాల ఏమంటారో ఆమెకు తెలుసు. కంప్యూటర్ తెరుచుకోకపోయినా, ప్రింటర్ కాగితాన్ని నమిలేసినా, ఆఖరికి గోడ గడియారం ఆగిపోయినా ఆమె ముందు అడిగేది ఒకటే మాట, "ప్లగ్గు సరిగ్గా పెట్టారా?" అని. నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. వెళ్లి చూస్తే చాలాసార్లు ప్లగ్గే ఊడి ఉంటుంది మరి, ఎవరిని ఏమనాలి!

పుస్తకాలు చదివించి రికార్డు చేసే ఆఫీసు అది. గాజు తెరకు అవతల గదిలో చదివేవాళ్లు కూర్చుంటారు, ఇవతల రికార్డు చేసేవాళ్లు కూర్చుంటారు. చదివిన ప్రతి మాటా చివరికి వెళ్లి చేరేది నల్ల డబ్బాలోకి. డబ్బా అంటే వింత వస్తువేం కాదు, నాలుగు డిస్కులు కడుపులో పెట్టుకుని, ఆఫీసు నెట్‌వర్క్ వైరు తగిలించుకుని ఒక మూల కూర్చునే పెట్టె. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని అందులో దాచుకోవచ్చు, అందులోంచి తీసుకోవచ్చు. దాని బాగోగులు చూడటం ప్లగ్గమ్మ ఉద్యోగం.

ఆ రోజు ఆమె ఇంకా భుజం మీది సంచీ దించనే లేదు, బాబాయి ఎదురొచ్చాడు. బాబాయి అంటే ఆమెకు చుట్టం కాదు. ఆఫీసులో అందరికంటే పాత పాఠకుడు, రాజుల కథైనా పిల్లల కథైనా ఒకే గాంభీర్యంతో చదివేసే పెద్దమనిషి, అందరికీ బాబాయే.

"అమ్మాయ్, డబ్బా కనిపించట్లేదమ్మా. ఎవరి కంప్యూటర్లోంచి చూసినా లేదంటోంది."

ఇంకో రోజైతే ఆమె ప్లగ్గు మాట అడిగి, చేతులు దులుపుకుని, టీ తాగి, అప్పుడు కదిలేది. ఆ రోజు మాత్రం సంచీ కూడా దించకుండా తన కుర్చీ వైపు పరుగెత్తింది. ఎందుకంటే ఆ సాయంత్రం ఆమె ఆ డబ్బాలోంచి తన మొగుడి గొంతు తీసుకుని ఇంటికి వెళ్లాలి.

ఆ సంగతి చెప్పాలి. ఆమె మొగుడిది కూడా ఆ ఆఫీసే. గాజు తెరకు ఇవతల కూర్చునే మనిషి, రికార్డు చేసేవాడు. పక్క వీధిలో మోటారు మోగినా, చదివేవాళ్ల పొట్టలో గుర్రుమన్నా పట్టేసేవాడు. వాక్యానికీ వాక్యానికీ నడుమ దగ్గుని, పెదవి చప్పుడుని, గుటకని, అతుకు తెలియకుండా కోసి పారేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. మనిషి మాత్రం ఉత్త వాగుడుకాయ. టేకుకీ టేకుకీ మధ్య ఒకటే మాటలు, ఇంటికి వస్తే ఇంకా మాటలు. "మీ చెవులకు మూత పెట్టనక్కర్లేదు గానీ, ఆ నోటికి ఒక మూత చేయించండి" అని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో! ఆ విసుగు మాటలు ఇప్పుడు తలచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకి. గొంతులో గడ్డ అన్నారు, కోసి తీసేయాలన్నారు, తీసేశారు. గడ్డతో పాటే గొంతూ పోయింది. ఇప్పుడాయన మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుని, పిల్లలు రాసుకునే పలక ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఊళ్లో అందరి గొంతులూ రికార్డు చేసినవాడు, తనది ఎప్పుడూ చేసుకోలేదు. ఫోన్లో వీడియోలున్నాయి గానీ అన్నిట్లో ఆయన కెమెరా వెనకాల, చుట్టూ పిల్లల గోల, బండ్ల మోత. మాటలు నేర్పించే డాక్టరమ్మ వాటిని విని తల అడ్డంగా ఊపింది. ఆపరేషన్‌కి ముందే ఆవిడ ఒక దారి చెప్పింది. తాను ఇచ్చే వాక్యాలన్నీ శుభ్రంగా చదివి రికార్డు చేసి ఉంచుకుంటే, తర్వాత వాటిని ఒక యంత్రానికి నేర్పిస్తారు. ఆయన ఏది టైపు చేస్తే దాన్ని యంత్రం ఆయన గొంతుతోనే పలుకుతుంది. అచ్చు ఆయనలాగే, ఆ దీర్ఘాలూ ఆ విరుపులూ అన్నీ.

ఆపరేషన్‌కి ముందు వారమంతా ఆయన గాజు తెరకు అవతల కూర్చుని చదివాడు. ఇవతల బాబాయి కూర్చుని మీటలు నొక్కాడు. రికార్డయిందంతా డబ్బాలోకి వెళ్లింది. అప్పుడే పట్టుకెళ్లి క్లినిక్‌లో ఇచ్చేస్తే పోయేది. ఇవ్వనిస్తేగా మహానుభావుడు! "నేను కోలుకున్నాక నా చేత్తో శుభ్రం చేసే ఇస్తాను, ఇలా పచ్చిగా ఇస్తే నా పరువు పోతుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆమె విన్న ఆఖరి పంతం అది. ఇప్పుడు కోలుకున్నాడు. మర్నాడు క్లినిక్‌కి రమ్మన్నారు. ఆ సాయంత్రం ఫైళ్లు తెస్తే రాత్రికి కూర్చుని శుభ్రం చేస్తానని పొద్దున్నే పలక మీద రాసి చూపించి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

ప్లగ్గమ్మ కుర్చీలో కూర్చుంది. తన కంప్యూటర్లోంచి డబ్బా చిరునామా కొట్టి పలకరించింది. పలకలేదు. మళ్లీ పలకరించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చిరునామా మారిందేమోనని నెట్‌వర్క్‌లో ఉన్న వస్తువులన్నిటినీ వరసగా వెతికింది. ప్రింటర్ ఉంది, ఓనరుగారి ఫోన్ ఉంది, ఎవరిదో తెలియని ఫోన్ కూడా ఒకటి ఉంది. డబ్బా లేదు.

"వైరు చూశావా అమ్మా?" అన్నాడు బాబాయి.

"చూస్తాను బాబాయ్, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

ఆఫీసు వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్చు పెట్టె దగ్గరికి వెళ్లింది. డబ్బా వైరు దగ్గర దీపం వెలగడం లేదు. వైరు పీకి మళ్లీ పెట్టింది. ఆ రంధ్రం చెడిందేమోనని పక్క రంధ్రంలో పెట్టింది. సొరుగులోంచి కొత్త వైరు తీసి, మోకాళ్ల మీద పాకి, బల్లల కిందుగా లాగి తగిలించింది. దీపం ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. ఇంత చేస్తోందే గానీ అలమార తలుపు మాత్రం తీయడం లేదు. డబ్బా ఉన్నది ఆ అలమారలోనే. భయం వేసినప్పుడు మనిషి అసలు చోటు వదిలేసి చుట్టుపక్కలే తిరుగుతాడు. ఆమె కూడా అలాగే తిరిగింది, పాపం.

ఇంకెక్కడా చూడటానికి మిగలక అలమార తెరిచింది.

ముఖం మీదికి వేడి కొట్టింది. లోపల నాలుగు వైపులా దళసరి నురుగు పలకలు, వాటి మీద పాత బొంతలు. లోకంలో ఏ ఆఫీసులోనైనా డబ్బాకి గాలి తగిలేలా చూస్తారు. ఈ ఆఫీసులో దానికి బొంత కప్పారు! దాని ఫ్యాన్ మోత రికార్డింగులో వినబడుతోందని ఆమె మొగుడే ఒకప్పుడు ఈ ఏర్పాటు చేశాడు. "చంటిపిల్లాడికి కూడా ఇన్ని కప్పరు కదండీ, ఉడికిపోతుంది" అని ఆమె అప్పుడే పోట్లాడింది. రాజీ కుదిరి, ముందువైపు బొంత ఎత్తి ఉంచాలని, రాత్రిళ్లు తలుపు తెరిచి పెట్టాలని ఒప్పందం చేసుకున్నారు. ఆ పని ఆయనే చూసేవాడు. మూణ్ణెల్లుగా ఆయన ఆఫీసుకి రావడం లేదు. తలుపు తీసిన నాథుడు లేడు. నెలకోసారి డబ్బాని పరీక్షించే ఆమేమో ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ, ఆఫీసుకి వచ్చినా ఒళ్లు ఇక్కడ, మనసు అక్కడ అన్నట్టు పని చేసింది.

బొంత లాగి పారేసింది. నాలుగు డిస్కులకి నాలుగు చిన్న దీపాలు. రెండు పచ్చగా ఉన్నాయి, రెండు ఎర్రగా ఉన్నాయి.

ఒక్కటి ఎర్రగా ఉంటే ఆమె భయపడేది కాదు. ఈ డబ్బాలు అలాగే కడతారు. ఒక డిస్కు పోతే మిగతా మూడూ కలిసి పోయినదాని బరువు కూడా మోస్తాయి. కొత్తది తెచ్చి పెట్టేస్తే మళ్లీ మామూలే. రెండు పోతే మాత్రం ఎవరి దగ్గరా పూర్తి మాట ఉండదు. ఉన్నవాటిలో ఉన్నదంతా ముక్కలే. ఆమె రెండో ఎర్ర దీపం మీద వేలు పెట్టి చూసింది, వేలు తీస్తే పచ్చగా మారుతుందేమోనన్నట్టు. మారలేదు.

డబ్బాని ఆర్పేసి, బయటికి తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా ఫ్యాన్ పెట్టింది. చుట్టూ ఆఫీసంతా మూగింది. ఓనరుగారు కూడా గదిలోంచి వచ్చారు. మంచి మనిషే, కాకపోతే కంగారు ముందు పుట్టి ఆయన తర్వాత పుట్టారు.

"పుస్తకాలన్నీ పోయినట్టేనా? వచ్చే వారం ఇవ్వాల్సినవి ఉన్నాయి! కొంప మునిగిందా?"

"లేదండీ. పుస్తకాలకి వేరే చోట బ్యాకప్ ఉంది. ప్రతి రాత్రీ దానంతటదే వెళ్తుంది. నిన్నటి దాకా భద్రంగా ఉంటాయి."

వెళ్లి తెరిచి చూపించింది. అన్నీ ఉన్నాయి. ఓనరుగారు హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డారు. ఎవరో టీ తెప్పిద్దామన్నారు. ఎవరో జోకు వేశారు. పెళ్లివారు వెళ్లిపోయినట్టు నిమిషంలో బల్ల చుట్టూ ఖాళీ అయిపోయింది. ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఆమెకి కావలసింది ఆ బ్యాకప్‌లో లేదు.

ఎందుకు లేదంటే ఆమె పెట్టలేదు గనక. ఆఫీసు సొత్తు మీద సొంత పని చేసుకోకూడదని ఆమెకో పట్టింపు. మొగుడి వాక్యాల్ని డబ్బాలో ఒక పక్కన ఉంచడమే ఎక్కువనుకుంది. దాన్ని బ్యాకప్‌లో కూడా చేరిస్తే, రేపెవరైనా మొగుడూ పెళ్లాలు ఆఫీసుని ఇల్లు చేసుకున్నారంటారని వదిలేసింది. ఎవరంటారు? ఒక్కరూ అనరు. అన్నా ఏం పోయింది? ఈ ప్రశ్న ఇప్పుడు తనని తనే అడుగుతోంది, చాలా తెలివిగా!

బాబాయి మాత్రం వెళ్లలేదు. టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

"అమ్మాయ్, మరీ... ఏం లేదులే."

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదమ్మా. ఆ డబ్బా, ఏదైనా చెడితే ముందు చెప్తుందా?"

"చెప్పడమేంటి, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. కుయ్, కుయ్ అని ఆపకుండా. ఒక డిస్కు పోగానే కూయాలి. అదే నాకూ అర్థం కావట్లేదు. రెండూ ఒకేసారి పోవు కదా, మొదటిది పోయినప్పుడు ఎందుకు కూయలేదు?"

బాబాయి నీళ్లు నమిలాడు. పేజీలకి పేజీలు తడబడకుండా చదివే మనిషికి నాలుగు మాటలు చెప్పడానికి నాలుగు చెమటలు పట్టాయి.

"కూసిందమ్మా. మీ ఆయన ఆ వాక్యాలు చదివిన మొదటి రోజునే కూసింది. మొదలుపెట్టిన కాసేపటికే. అలమార తలుపు మూసినా, బొంత దింపినా మైకులోకి వచ్చేస్తోంది. అసలే గొంతు నొప్పి, చదివింది మళ్లీ చదవాలంటే ప్రాణం పోతోంది ఆయనకి. నీకు ఫోన్ చేద్దామన్నాను. నువ్వు రక్తం ఇచ్చేవాళ్ల కోసం తిరుగుతున్నావని, నిన్ను కదపొద్దన్నాడు. నీ పాస్‌వర్డ్ ఆయనకి తెలుసుగా. తనే వెళ్లి డబ్బా సెట్టింగుల్లో ఆ కూత ఆపేశాడు. వచ్చాక మా ఆవిడే చూసుకుంటుందిలే అన్నాడు. తర్వాత నేనూ మర్చిపోయాను, తల్లీ. ఆయన ఎలా ఉన్నాడో అన్న ధ్యాసే తప్ప డబ్బా ఎవరికి గుర్తుంటుంది?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆయన మీదా, బాబాయి మీదా, ఆ దిక్కుమాలిన వారం మీదా. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టడానికి ఎవరూ కనిపించక మూసేసింది. గొంతు శుభ్రంగా రావాలని ఆయనే ఆ కూత నొక్కేశాడు. ఆ కూత వినబడి ఉంటే ఆమె ఒక డిస్కు మార్చేసేది, గొంతు దక్కేది. ఇంత మాట ఆయనకి ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి?

"బాబాయ్, ఈ సంగతి ఆయనకి తెలియకూడదు."

"నేనెందుకు చెప్తానమ్మా!"

"మీరు చెప్తారు. మీ కడుపులో ఏదీ దాగదు. ఒట్టు వెయ్యండి."

బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టి మరీ ఒట్టు వేశాడు.

డబ్బా చల్లబడ్డాక దాన్ని మళ్లీ వెలిగించింది. లోపల డిస్కులు ఒక్కొక్కటీ తిరగడం మొదలుపెట్టాయి. మొదట పోయిన డిస్కు సంగతి ఇక అనవసరం. రెండోది మాత్రం వేడికి చచ్చినట్టు పడి ఉందేమో, కాస్త లేచి నడవచ్చేమో అని ఆమెకి గంపెడాశ. టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు మంచిది కాదని ఆమెకి తెలుసు. తెలిసినా దణ్ణం పెట్టుకుంది. రెండో దీపం ఎర్రగా, ఎర్రగా, తర్వాత పచ్చగా అయింది. నెట్‌వర్క్‌లో డబ్బా కనిపించింది.

"బాబాయ్! ఫోల్డరు ఏది?"

"అదిగో, పైనుంచి రెండోది. నేనేదీ చెరపలేదు, అన్నీ వరసగా ఉన్నాయి."

మొత్తం ఫోల్డరు పట్టుకుని తన కంప్యూటర్లోకి కాపీ పెట్టింది. మొదటి ఫైలు వచ్చింది. టిక్కు టిక్కు. రెండోది వచ్చింది. ఇద్దరూ గట్టిగా ఊపిరి తీస్తే ఆ డిస్కు ఎక్కడ ఉలిక్కిపడుతుందోనన్నంత కదలకుండా నిలబడ్డారు. మూడోది, నాలుగోది వచ్చాయి. ఐదోది చాలాసేపు తీసుకుని వచ్చింది. ఆరోది వచ్చింది. ఏడో దాని దగ్గర గీత సగం నిండి ఆగింది. డిస్కు లోపల గోరుతో రేకు గీకినట్టు చప్పుడైంది. పచ్చ దీపం ఆరిపోయి ఎర్ర దీపం వెలిగింది.

"రా తల్లీ, రా. ఇంకొక్కసారి రా" అంది ఆమె. మనిషితో మాట్లాడినట్టే అంది. ఆర్పి చల్లబరిచి వెలిగించింది. డిస్కు తీసి మళ్లీ దూర్చింది. ఆ డిస్కు ఇక తిరగనే లేదు.

డబ్బా తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఏవేవో నొక్కించాక ఒక మనిషి దొరికాడు. అంతా ఓపిగ్గా విని, ఎదురుగా ఏదో చూసి చదువుతున్నట్టుగా అన్నాడు.

"మేడమ్, ఒకసారి ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టి చూశారా?"

ప్లగ్గమ్మ ఫోన్ బల్ల మీద బోర్లించి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. వెనకాల ఎవరూ నవ్వలేదు.

చెడిన డిస్కుల్లోంచి తవ్వి తీసే దుకాణం ఒకటుందంటే ఓనరుగారే స్వయంగా కారు తీసి ఆమెని తీసుకెళ్లారు. అక్కడి పనివాడు రెండో డిస్కు విప్పి, అద్దం పెట్టి చూసి, ఆమెని కూడా చూడమన్నాడు. అద్దంలా మెరవాల్సిన రేకు మీద గుండ్రంగా లోతైన గీత ఉంది. "దీని మీద ఉన్నది పొడైపోయిందమ్మా. మొదట పోయిన డిస్కు మూణ్ణెల్లుగా ఏమీ రాసుకోనే లేదు, దాన్ని నమ్ముకుని లాభం లేదు. ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా ఇదే చెప్తారు" అన్నాడు. అయినా ఆమె ఇంకో దుకాణానికి వెళ్లింది. అదే చెప్పారు.

ఆఫీసుకి తిరిగొచ్చాక, దక్కిన ఆరు ఫైళ్లలో ఒకదాన్ని చెవులకి పెట్టుకుని వింది. మూణ్ణెల్ల తర్వాత ఆ గొంతు. "ఈ కుర్చీ ఖాళీగా ఉందా?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా, ఎవరో పరాయివాళ్లని అడిగినట్టు. ఆమెకి కళ్లు నిండాయి. ఆ వెంటనే, వాక్యం చివర, సన్నగా వినిపించింది. కుయ్.

తీసి మళ్లీ పెట్టింది. కుయ్. ఇంకో ఫైలు పెట్టింది. అందులోనూ ఉంది.

"బాబాయ్, ఏంటివి?"

బాబాయి విని నుదురు కొట్టుకున్నాడు. "ఇవి చెడిపోయినవమ్మా. కూత పడిందని వదిలేసి, కూత ఆపాక మళ్లీ మొదట్నుంచి చదివాడు. నేను ఏదీ చెరపనుగా, వరసలో ఇవే ముందున్నాయి. మంచివన్నీ వీటి తర్వాతే."

"ఈ కూత తీసేయలేమా?"

"తీయొచ్చు. మన ఆఫీసులో ఆ పని వచ్చింది మీ ఆయనకే."

ఇదెక్కడి గోల భగవంతుడా అనుకుంది ఆమె. ఎవరి చెవిన పడకూడదో వాళ్లొక్కరే తుడవగలరు. ఆ ఫైళ్లు అసలు ఇవ్వకుండా, ఏమీ దక్కలేదని చెప్పేద్దామా అని కూడా అనుకుంది. కానీ ఆ గొంతుకి మిగిలిందల్లా ఆ ఆరే. దాచడానికి తనెవరు?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, "డబ్బా పాతదైపోయిందండీ, వేడికి పోయింది. ఆరు వాక్యాలే దక్కాయి" అని చెప్పింది. చెప్పులు విప్పుతూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది. ఆయన పలక మీద, "ఆరింటికి శుభ్రం చేసేదేముంది, రేపు డాక్టరమ్మకి ఇద్దాం, వినడం తర్వాత" అని రాశాడు. ఆ కాసేపటికి ఆమె బతికిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ ఆరు వాక్యాలు చూసి నిట్టూర్చింది. యంత్రానికి నేర్పడానికి ఇవి చాలవంది. ఇక యంత్రంలో సిద్ధంగా ఉన్న గొంతుల్లో ఒకటి ఎంచుకోవాలంది. నాలుగైదు వినిపించింది. అన్నీ వార్తలు చదివే గొంతులు. ఆయన ఒక దాన్ని చూపించాడు, పెద్దగా వినకుండానే. "ఈ ఆరూ ఉన్నవి ఉన్నట్టు ఆరు మీటల మీద పెడతాను. నొక్కితే అవే వస్తాయి, ఇంకోసారి నొక్కితే ఆగుతాయి" అంది. ఏం చేసుకుంటారు వాటిని? బస్సు ఎన్నింటికి వస్తుంది? నాకు పంచదార తక్కువ వెయ్యండి. ఈ కుర్చీ ఖాళీగా ఉందా? వర్షం వచ్చేలా ఉంది, గొడుగు తీసుకోండి. తలుపు ఎవరో కొడుతున్నారు. ఫర్వాలేదండీ, నేను నడిచి వెళ్తాను. పెళ్లాన్ని పిలిచేది లేదు, తిట్టేది లేదు, ముద్దు చేసేది లేదు. పొద్దస్తమానం వాగిన మనిషికి బతుకంతా ఇక ఈ ఆరు ముక్కలు.

ఇంటికి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె వంట వంకతో లోపలికి పోబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. క్లినిక్‌లో ఇచ్చిన యంత్రాన్ని దగ్గరికి లాక్కుని, చెవులకి పెట్టుకునే తన పెద్ద హెడ్‌ఫోన్ తగిలించబోయి, ఆమె కూడా వినాలని మానేశాడు. మొదటి మీట నొక్కాడు. తన గొంతు విని నవ్వాడు. పంచదార మాటకి ఇంకా నవ్వాడు, ఎందుకంటే ఆయన టీలో మూడు చెంచాలు వేయించుకునేవాడు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. తల పక్కకి వంచాడు. ఆ వంపు ఆమెకి తెలుసు. ఆఫీసులో ఆయన తల అలా వంగిందంటే ఏదో దొరికిందని అర్థం.

అదే మీట మళ్లీ నొక్కాడు. తర్వాత మిగతావన్నీ వరసగా నొక్కాడు. పలక తీసుకున్నాడు.

"డబ్బాదే కదా?"

"ఏమోనండీ, ఏ శబ్దమో."

ఆయన ఆ అబద్ధాన్ని పలక మీది మాటలతో పాటే తుడిచేశాడు. "ఎందుకు కూసింది?"

ఆమె గోడ వైపు చూసింది, బల్ల వైపు చూసింది. ఆయన సుద్దముక్కతో ఆ ప్రశ్న మీద మెల్లిగా కొట్టాడు.

"ఒక డిస్కు పోయిందని" అంది చివరికి. "పోయింది, వచ్చి మార్చమని పిలిచింది."

ఆయన చెయ్యి మెడ దాకా వెళ్లి, గుడ్డని తాకి, కిందికి వచ్చేసింది. పలక ఖాళీగానే ఉన్నా దాన్ని చొక్కా చేతితో తుడిచాడు.

ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "మీరు ఆపకపోయినా నేనొచ్చి చూసేదాన్ని కాదండీ. ఆ వారం నాకు పగలో రాత్రో తెలియలేదు. ఆ తర్వాతైనా అలమార తలుపు తీయనిది నేను. బ్యాకప్‌లో పెట్టనిది నేను. నన్ను తిట్టండి. పలక మీదైనా తిట్టండి, మీ పుణ్యముంటుంది!" అని వలవలా ఏడ్చేసింది.

ఆయన సుద్దముక్క పట్టుకున్నాడు. ఏదో రాయబోయాడు. పట్టుకున్నది పట్టుకున్నట్టే పక్కన పెట్టేశాడు. యంత్రాన్ని మళ్లీ లాక్కుని ఆరో మీట నొక్కాడు. "ఫర్వాలేదండీ" అంది ఆయన గొంతు. అంతే, వేలితో ఆపేశాడు. ఆ తర్వాతి మాట మీద కూత పడుతుంది. దానికి వెంట్రుకవాసి ముందు, కోసినట్టుగా ఆపాడు. ఎందరెందరి దగ్గుల్నో అలా కోసిన వేలు అది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఏమోయ్ తప్ప ఆయన ఆమెని అండీ అన్నది లేదు. ఆమె ఏడుస్తూనే, "ఎవర్ని అంటున్నారు అండీ అని" అంటూ ముక్కు తుడుచుకుంది. ఆయన ఆమెనే చూపించాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ సరిగ్గా అక్కడే ఆపాడు. "ఫర్వాలేదండీ."

మూడోసారి నొక్కినప్పుడు వేలు అందుకోలేకపోయింది. నేను నడిచి వెళ్తాను అన్న మాటా, దాని మీద పడిన కూతా పూర్తిగా వచ్చేశాయి. ఆయన ఇక ఆపడానికి ప్రయత్నించలేదు, ఇద్దరూ చివరి దాకా విన్నారు.